రెండు కలాల గది

తలుపు మెల్లిగా తొయ్యండి. లోపల ఇద్దరూ రాసుకుంటున్నారు.

ఇది 1856 సెప్టెంబరు 23. లండన్‌కి పడమట, థేమ్స్ ఒడ్డున రిచ్‌మండ్ అనే ఊరు. పార్క్‌షాట్ వీధి, ఎనిమిదో నంబరు. ఇల్లంతా వాళ్ళది కాదు, అద్దెకున్నారు. రాసుకోవడానికి ఇద్దరికీ కలిపి ఉన్నది ఒక్కటే గది. ఆ పక్కనున్న బక్కపలచటి మనిషి, మొహాన మశూచి మచ్చలూ రేగిన జుట్టూ ఉన్నాయనే, జార్జ్ హెన్రీ లూయిస్. ఆయన కలం కాగితం మీద బరబరమంటూ పరుగెడుతోంది. ఈ పక్కనున్నావిడ మేరియన్ ఇవాన్స్. ఇంకో రెండు నెలలకి ముప్ఫయ్యేడు నిండుతాయి. కోలమొహం, బరువైన దవడ. ఆవిడ కలం ఆగి ఉంది. అవతలి కలం చేసే చప్పుడు ఆవిడ నరాల మీద రంపం పెట్టి కోసినట్టుంది. ఆ బరబరకి తనకి పిచ్చెక్కినంత పనయ్యేదని చాలా ఏళ్ళ తర్వాత కూడా చెప్పుకుంది. అయినా ఏం చేస్తారు? ఇంకో గది తీసుకునే స్తోమత లేదు.

డబ్బు ఎక్కడికి పోతోందో కూడా చూడాలి. లూయిస్‌కి భార్య ఉంది, ఆగ్నెస్. ఆవిడ ఆయన స్నేహితుడితో పిల్లల్ని కంది. మొదటి బిడ్డని లూయిస్ తన పేరునే రాయించాడు. తప్పు కాచినవాడికి విడాకులడిగే హక్కు లేదంది చట్టం. ఆ ఇంటి ఖర్చూ, పిల్లల చదువుల ఖర్చూ ఈయన కలం మీదే నడవాలి. మేరియన్ ఈయనతో కలిసి కాపురం పెట్టి రెండేళ్ళు దాటింది, పెళ్ళి లేకుండానే. పెద్దింటి ఆడవాళ్ళెవరూ ఈ గడప తొక్కరు. లూయిస్‌ని భోజనానికి పిలిచేవాళ్ళు ఆవిడని పిలవరు. సొంతూళ్ళో ఉన్న అన్న ఐజాక్‌కి ఇంకా సంగతి తెలీదు. వచ్చే ఏడాది తెలుస్తుంది. అప్పుడు ఆయన వకీలు చేత ఒక ఉత్తరం రాయించి, తను మాత్రం రాయడం మానేస్తాడు.

ఇదిగో, ఆవిడ కలం మళ్ళీ కదిలింది. పైన ఒక పాదిరీ పేరు రాసింది. ఆమోస్ బార్టన్. ఆయన గొప్ప భక్తుడు కాడు, పాపీ కాడు. బట్టతల, ఏడాదికి ఎనభై పౌండ్ల జీతం, ఆరుగురు పిల్లలు, చిరుగులు కుట్టుకుంటూ కూర్చునే భార్య. ప్రసంగం చేస్తే జనానికి ఆవులింతలొస్తాయి. అక్షరదోషాలు కూడా చేస్తాడు. నవల రాయబోయే మనిషి ఎవరైనా వెతుక్కుని మరీ వదిలేసే మనిషి.

అలాంటివాణ్ణి ఈవిడ ఎందుకు పట్టుకుందో తెలియాలంటే నాలుగు నెలలు వెనక్కి, డెవన్ తీరంలోని ఇల్‌ఫ్రాకూమ్‌కి వెళ్ళాలి. పోటు తీసి రాళ్ళు బయటపడ్డాయి. లూయిస్ రాళ్ళ సందుల్లోని మడుగుల్లో చెయ్యి పెట్టి, పువ్వుల్లా విచ్చుకున్న సముద్రజీవుల్ని ఉలితో ఊడదీసి గాజు జాడీల్లో వేస్తున్నాడు. పక్కన మేరియన్, లంగా అంచులు తడుపుకుంటూ. మొదట్లో ఆవిడకి అన్నీ ఒకేలాంటి నాచులా కనిపించాయి. ఒక్కొక్క దాని పేరూ తెలిశాక దేనికదే విడిగా కనిపించడం మొదలైంది. ఆ రోజుల్లో డైరీలో రాసుకుంది, వస్తువులన్నిటి పేర్లూ తెలుసుకోవాలనిపిస్తోందని, మసకలోంచి వెలుతురులోకి రావాలనిపిస్తోందని. ఆ కోరిక కిందటి వారం పుట్టింది కాదు. జర్మన్ నుంచి మతం మీదా తత్త్వం మీదా పెద్ద పెద్ద పుస్తకాలు అనువదించిన చెయ్యి అది. ఊహలతో విసిగిపోయి పీతల దగ్గరకొచ్చింది.

బసలో కూర్చుని ‘వెస్ట్‌మినిస్టర్ రివ్యూ’కి ఒక వ్యాసం కూడా రాస్తోంది. జర్మన్ పల్లె జనం మీద రీల్ అనే ఆయన రాసిన పుస్తకాల సమీక్ష అది. అందులో ఇంగ్లీషు చిత్రకారుల్ని దులిపి వదిలింది. మీ బొమ్మల్లో దుక్కి దున్నేవాడు ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడేం, గొర్రెలకాపరి ఎప్పుడూ చెట్టుకింద పిల్లనగ్రోవి ఊదుతూనే ఉంటాడేం అని. గడ్డి కోసేవాళ్ళు దూరానికి పండగ చేసుకుంటున్నట్టే కనిపిస్తారు, దగ్గరికెళ్ళి వాళ్ళ మాటలు వినమంటుంది. పేదవాణ్ణి అబద్ధంగా చూపించడం ఊరికే సౌందర్య దోషం కాదనీ, మన జాలిని దారి తప్పించి లేని మనిషి మీద పోయించడమనీ ఆవిడ కోపం. రియలిజం అనే మాట అప్పటికి ఇంగ్లీషులో కొత్త. పారిస్‌లో కూర్బే తన బొమ్మల ప్రదర్శనకి ఆ పేరు తగిలించి అప్పటికి ఏడాదే. మేరియన్ ఆ వసంతంలో రస్కిన్ పుస్తకం మీద రాస్తూ ఆ మాటనే చేతికి తీసుకుంది.

ఆ పని ఆవిడతోనే మొదలైందంటే తప్పు. జేన్ ఆస్టిన్ నలభై ఏళ్ళ కిందటే నాలుగిళ్ళ మధ్య బతుకుల్ని వెంట్రుకవాసి తేడా లేకుండా తూచింది. థాకరే 1847లో ‘వానిటీ ఫెయిర్’ మొదలుపెట్టి, ఇందులో హీరో లేడని పేరు కిందే చాటింపు వేశాడు. మరుసటేడు ఎలిజబెత్ గాస్కెల్ ‘మేరీ బార్టన్’లో మాంచెస్టర్ మిల్లు కూలీల కొంపల్లోకి దారి తీసింది. ఈ గదిలో కూర్చున్న లూయిస్సే ఆ రోజుల్లో ‘జేన్ ఐర్’ని మెచ్చుకుంటూ, అతిశయాలు తగ్గించమ్మా, ఆస్టిన్‌ని చదువు అని షార్లట్ బ్రాంటీకి సలహా ఇచ్చాడు. ఆవిడ చదివి, చక్కగా కంచె కట్టిన తోటలా ఉంది గానీ గాలి లేదన్నట్టు జవాబిచ్చింది. నాకైతే బ్రాంటీ కోపమూ న్యాయంగానే తోస్తుంది. కానీ లూయిస్ వెతుకుతున్న మనిషి ఆవిడ కాదు. తొమ్మిదేళ్ళ తర్వాత తన గదిలోనే, తన కలం చప్పుడుకి తల పట్టుకుని కూర్చున్న మనిషి.

మళ్ళీ రిచ్‌మండ్‌కి వద్దాం. కథ సగం దాటింది. సంభాషణలు రాయగలదని లూయిస్‌కి నమ్మకం కుదిరింది. ఏడిపించగలదా అన్నదే అనుమానం. ఆమోస్ భార్య మిల్లీ చనిపోయే ఘట్టం రావాలి. ఆ రాత్రి లూయిస్ టోపీ పెట్టుకుని, పనేమీ లేకపోయినా లండన్ రైలెక్కాడు, గదిని ఆవిడకి వదిలిపెట్టడానికి. ఇప్పుడు వినండి. ఒక్క కలమే. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు మంచం దగ్గరికి రావాలి. మరీ చిన్నవాడికి ఏం జరుగుతోందో తెలీదు. భార్య ఉన్నన్నాళ్ళూ ఆవిడ విలువ కనుక్కోని భర్త పక్కనే నిలబడి ఉండాలి. లూయిస్ తిరిగొచ్చాక ఆవిడ కాగితాలు తీసి చదివి వినిపించింది. ఇద్దరూ ఏడ్చారు. ఆయన లేచొచ్చి ముద్దు పెట్టుకుని, నీ హాస్యం కన్నా నీ కరుణే బావుందన్నాడు.

నవంబరు 6న కథ ఎడిన్‌బరోలోని జాన్ బ్లాక్‌వుడ్‌కి వెళ్ళింది, ‘నా మిత్రుడొకరు రాశారు’ అన్న లూయిస్ ఉత్తరంతో. 1857 జనవరి నుంచి ఆయన పత్రికలో పేరు లేకుండా అచ్చయింది. యాభై గినియాల పారితోషికం వచ్చింది. రచయిత పేరు తెలీక బ్లాక్‌వుడ్ ఉత్తరానికి ‘ప్రియమైన ఆమోస్’ అని మొదలుపెట్టాడు పాపం. ఫిబ్రవరిలో ఆవిడ ఒక పేరు ఇచ్చింది. జార్జ్ అనేది లూయిస్ పేరు, ఇలియట్ అనేది నోరారా పలకడానికి బావుందని. ఆ కథకి తోడు మరో రెండు కలిపి మరుసటేడు పుస్తకమయ్యాక, డికెన్స్ ఒక్కడే గట్టిగా పసిగట్టాడు. రాసింది ఆడమనిషి కాకపోతే, ఆడమనసు ఇంతగా పట్టుబడిన మగవాడు లోకంలో ఇంకొకడు లేడన్నాడు.

1858 ఫిబ్రవరి చివర బ్లాక్‌వుడ్ స్వయంగా రిచ్‌మండ్ వచ్చాడు. ఈసారైనా జార్జ్ ఇలియట్‌ని చూస్తానా అన్నాడు. చూడాలనుందా అని లూయిస్. ఆయన ఇష్టం, బలవంతం లేదని బ్లాక్‌వుడ్. మేరియన్ లేచి గదిలోంచి బయటికి వెళ్ళిపోయింది. లూయిస్ వెనకే వెళ్ళాడు. చెప్పెయ్యమంది. ఎడిన్‌బరో ప్రచురణకర్త, నికార్సైన సంప్రదాయవాది, ఊరంతా వెలివేసిన మనిషి చేతిని ఆ గదిలో పట్టుకుని ఊపాడు. గుట్టు మాత్రం బయటపెట్టలేదు.

అప్పటికే మేజా మీద ‘ఆడమ్ బీడ్’ మొదలై నాలుగు నెలలైంది. వడ్రంగి కథ. కథాకాలం 1799. ఆ ఏడాది ఏ నెలలో ఎండ కాసింది, ఎప్పుడు వాన పట్టుకుంది, కోతలు ఎప్పుడు పడ్డాయి, ఇవన్నీ పాత ‘జెంటిల్‌మన్స్ మ్యాగజీన్’ సంచికలు తిరగేసి ఎత్తి రాసుకుంది. అరవై ఏళ్ళ కిందటి వాన ఎవడికి కావాలి? ఆవిడకి కావాలి. కానీ వడ్రంగి కొట్టాన్ని ఏ పత్రికలోనూ వెతుక్కోనక్కర్లేదు. తండ్రి రాబర్ట్ ఇవాన్స్ వడ్రంగిగానే మొదలై, ఆర్బరీ ఎస్టేటు వ్యవహారాలు చూసే స్థాయికి ఎదిగినవాడు. చిన్నప్పుడు బండిలో ఆయన పక్కన కూర్చుని ఎస్టేటంతా తిరిగిన పిల్ల. ఏ కలపకి ఎంత ధర పడుతుందో, కౌలుదారు దొరతో మాట్లాడేటప్పుడు గొంతు ఎక్కడ తగ్గుతుందో విని పెరిగింది. అందుకే ఆ కొట్టంలోకి అడుగు పెట్టగానే చిత్రిక పట్టిన చెక్క పేళ్ళ వాసన కొడుతుంది.

కథ గుండెకాయ మాత్రం తండ్రిది కాదు, పినతల్లిది. దాదాపు ఇరవై ఏళ్ళ కిందట, గ్రిఫ్ ఊళ్ళోని ఇంట్లో ఒక మధ్యాహ్నం. వయసు మళ్ళిన పొట్టి మనిషి, వీధుల్లో నిలబడి ప్రవచనం చెప్పిన మెథడిస్టు ఎలిజబెత్ ఇవాన్స్, మేరియన్ పక్కన కూర్చుని మాట్లాడుతోంది. 1802లో నాటింగ్‌హామ్ జైల్లో బిడ్డని చంపిన నేరానికి ఉరి పడబోతున్న మేరీ వోస్ అనే పిల్ల దగ్గర రాత్రంతా కూర్చుని ప్రార్థన చేశానని, పొద్దునకి ఆ పిల్ల నోరు విప్పి ఒప్పుకుందని, ఉరికంబం దాకా బండిలో తోడు వెళ్ళానని చెప్పింది. మేరియన్ ఏమీ అనలేదు. దాచుకుంది.

1858 ఏప్రిల్. మ్యూనిక్. లూయిస్, మేరియన్ జర్మనీలో ఉన్నారు. ఆల్టే పినాకోథెక్ అనే చిత్రశాలలో ఆవిడ వెనకే నడవండి. రూబెన్స్ గదుల్లో కాసేపు నిలబడుతుంది, ఆవిడకి ఆయనంటే ఇష్టం. ఆ నిండైన శరీరాల ముందు నుంచి జరిగి, చిన్న బొమ్మలున్న చోటికి రండి. గెరిట్ డౌ, పదిహేడో శతాబ్దపు డచ్చివాడు. ముసలమ్మ ఒంటరిగా భోజనానికి కూర్చుని చేతులు జోడించింది. పక్కన రాట్నం. ఒక జాడీ. అంతే. దేవదూతలు లేరు, రాజులు లేరు. ముసలమ్మ ముందున్న అంబలికి, రాట్నానికి, చేతి ముడతలకి చిత్రకారుడు ఒకే ఓపిక ఇచ్చాడు.

ఆ రోజుల్లోనే, మ్యూనిక్ బసలో, నవల రెండో సంపుటం మొదలుపెట్టింది. మొదలుపెడుతూనే కథని ఆపేసింది. పదిహేడో అధ్యాయంలో పాఠకుల వైపు తిరిగి నిలబడి వాదనకి దిగింది. కథలోని పాదిరీ చేత ఇంకాస్త మంచి బోధ చేయించి ఉండొచ్చు కదా అనేవాళ్ళకి జవాబు చెబుతుంది. మనుషులు ఎలా ఉన్నారో అలాగే చూపిస్తాననీ, డచ్చి బొమ్మల్లోని ముసలమ్మలంటే తనకెందుకంత ప్రేమో చెబుతాననీ. ఇంగ్లీషు రియలిజం గురించి మాట్లాడే ప్రతివాళ్ళూ ఈ అధ్యాయాన్నే పట్టుకుంటారు. నాకు మాత్రం వాదన కన్నా అంతకు ముందే వచ్చిన మాటలే, రైతు పోయ్‌సర్‌గారి పాలగదిలో నీళ్ళు పోసి కడిగిన రాతి పలకల చల్లదనమూ వెన్న ముద్దలూ, ఎక్కువ రుజువు అనిపిస్తాయి. ఆ వెన్నని చరుస్తున్న పాలపిల్ల హెట్టీ చేతులు ఎంత అందంగా ఉన్నాయో ఆ పిల్లకి తెలుసు. దొరగారి మనవడికీ తెలుసు. ఆ తెలివిలోంచే అనర్థమంతా పుడుతుంది. అది చెప్పడానికి ఏ అధ్యాయాన్నీ ఆపక్కర్లేదు.

ఇంకో చిత్రం చూడండి. అక్కణ్ణుంచి డ్రెస్డెన్ వెళ్ళారు. పొద్దున రాయడం, ఆ తర్వాత చిత్రశాల. అక్కడ రఫాయెల్ వేసిన సిస్టీన్ మడోన్నా ఉంది, మేఘాల మీద నడిచొస్తున్న తల్లి. మొదటిసారి ఆ బొమ్మ ఎదుట కూర్చున్న మేరియన్ తట్టుకోలేక లేచి గదిలోంచి వెళ్ళిపోయింది. ముసలమ్మలే చాలునని వాదించిన మనిషే ఇది. మూడు నెలల్లో ఇదంతా మర్చిపోయిందేమో అనుకోకండి. బిడ్డని ఎత్తుకున్న తల్లిని చూసి వచ్చాక, బిడ్డని అడవిలో వదిలేసి పారిపోయిన తల్లిని రాయాల్సిన చెయ్యి అది.

మూడో సంపుటం రిచ్‌మండ్‌లో, అదే గదిలో. ఆరు వారాల్లో, మధ్యమధ్య తలనొప్పులతో సహా, ఒక ఊపున వచ్చేసింది. జైలు గది. గోడకి ఆనుకుని మొండిగా కూర్చున్న హెట్టీ. పక్కన ప్రవచనాలు చెప్పే మెథడిస్టు డైనా. పినతల్లి చెప్పిన రాత్రి ఇదే. ఇక్కడ కలం దేన్నీ అలంకరించదు. బిడ్డ ఏడుపు చెవుల్లోంచి పోవట్లేదంటుంది ఆ పిల్ల. పొద్దున్నే ఉరికంబం దగ్గరికి బండి బయల్దేరుతుంది.

అప్పుడు గుర్రపు డెక్కల చప్పుడు. దొరగారి మనవడు శిక్ష తగ్గించిన కాగితం గాల్లో ఊపుతూ జనంలోంచి దూసుకొస్తాడు. ఇది రాసిన చేతిని పట్టుకుని ఆపాలనిపిస్తుంది. నాటింగ్‌హామ్‌లో ఏ గుర్రమూ రాలేదు. మేరీ వోస్‌ని ఉరి తీశారు. మనుషులున్నది ఉన్నట్టు చెబుతానని కథని ఆపి మరీ మాటిచ్చిన మనిషి, సరిగ్గా మాట నిలబెట్టుకోవాల్సిన చోట వీధి నాటకం గుర్రాన్ని తోలుకొచ్చింది. పైగా చివర్లో ఆడమ్‌కీ డైనాకీ పెళ్ళి. ఆ ఆలోచన లూయిస్‌ది. కొత్త దారి వేసేవాళ్ళు కూడా పాత బండ్లెక్కే వస్తారేమో. మన వీరేశలింగంగారు ధవళేశ్వరం బ్రాహ్మడి ఇంటి కథ ‘రాజశేఖర చరిత్రము’ని 1878లో రాయడానికి, గోల్డ్‌స్మిత్ ఎప్పుడో 1766లో అచ్చు వేసిన పాదిరీ కథ బండి అందుకున్నట్టు.

నవంబరు 16న ఆఖరి పేజీ. బ్లాక్‌వుడ్ నాలుగేళ్ళ హక్కులకి 800 పౌండ్లు ఇచ్చాడు. 1859 ఫిబ్రవరి 1. లండన్, న్యూ ఆక్స్‌ఫర్డ్ వీధి, మ్యూడీ అద్దె గ్రంథాలయం. మూడు సంపుటాలు కలిపి 31 షిల్లింగుల 6 పెన్నీలు. అంత పోసి కొనేవాళ్ళు తక్కువ. ఏడాదికి ఒక గినియా కట్టి మ్యూడీ దగ్గర తీసుకెళ్ళేవాళ్ళే ఎక్కువ. ఒక సంపుటం తల్లి చేతిలో, ఇంకోటి కూతురి చేతిలో, మూడోది ఎవరు దాచారోనని గొడవ. నవలంటే ఇంట్లో అందరి ముందూ చదవదగ్గదై ఉండాలని మ్యూడీగారి పట్టు. ఆ పట్టుకి భయపడని రచయిత లేడు. బిడ్డని చంపిన పాలపిల్ల కథ ఆ జల్లెడలోంచి ఎలా దిగిందో ఆలోచిస్తే ఆ గుర్రాన్ని కాస్త క్షమించాలనిపిస్తుంది.

మార్చిలో పార్లమెంటు సభ్యుడు చార్లెస్ బక్స్‌టన్ కామన్స్ సభలో మాట్లాడుతూ మిసెస్ పోయ్‌సర్ అన్న మాటొకటి విసిరాడు. నోరుపెట్టుకు బతికే రైతు భార్య సామెత దేశపు సభలో మోగింది. విక్టోరియా రాణి చదివి, అందులో రెండు ఘట్టాలకి బొమ్మలు వేయించుకుంది. ఒకటి డైనా ప్రవచనం, రెండోది వెన్న చేస్తున్న హెట్టీ. బ్లాక్‌వుడ్ ఒప్పందంలో లేని మరో 400 పౌండ్లు తనంతట తానే పంపాడు.

మేరియన్ పుట్టిన నన్ ఈటన్ చుట్టుపక్కల మాత్రం వేరే సందడి. ఈ మనుషులంతా మనవాళ్ళేనే! ఎవరు రాశారు? ఒక ఆడది అని ఎవరికీ తట్టలేదు. జోసెఫ్ లిగ్గిన్స్ అనే ఆయన పేరు పైకొచ్చింది. ఆయన కాదనలేదు. కొందరు పాదిరీలు బృందంగా దర్శనానికి వెళ్తే, ఆయన బోరింగు దగ్గర స్వయంగా గిన్నె కడుక్కుంటున్నాడట. ఇంత పుస్తకం రాసి పైసా తీసుకోలేదు, పనిమనిషైనా లేదని వాళ్ళు కరిగిపోయారు.  చివరికి ఆ గోల భరించలేకే, ఆ వేసవిలో మేరియన్ తన గుట్టు తానే వదులుకోవాల్సొచ్చింది.

ఆ ఊరి పక్కనే చిల్వర్స్ కోటన్ గుడి ఉంది. వెనక శ్మశానంలోకి నడవండి. ఇవాన్స్ వాళ్ళ సమాధి, మేరియన్ తల్లిదండ్రులది. తల్లి పోయింది 1836లో, మేరియన్‌కి పదహారేళ్ళు. అదే ఆవరణలో, అదే ఏడాది పాతిన ఇంకో రాయి. ఎమ్మా గ్వైథర్, ఆ గుడి పాదిరీ భార్య. బోలెడంత సంసారం ఈది, చిన్న వయసులో పోయింది. పదహారేళ్ళ పిల్ల అది చూసింది. ఇరవై ఏళ్ళ తర్వాత, రెండు కలాల గదిలో, ఒక్క కలం మిగిలిన రాత్రి రాసింది ఆవిడ చావే.

1859 జూన్. బ్లాక్‌వుడ్ ఆఫీసుకి యార్క్‌షైర్ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. సంతకం జాన్ గ్వైథర్. ఆ కథ మొదట పత్రికలో వచ్చినప్పుడు మా పెద్దమ్మాయి చదివి, ఇది ఎవరు రాసి ఉంటారు, మీరేనా నాన్నా అని అడిగిందని రాశాడు. ఆమోస్ బార్టన్ తనేనని గుర్తుపట్టాడు. బతికున్న మనిషి మీద అంత చొరవ తీసుకోవడం దయలేని పనే అనిపించిందని, ఆ బాధ ఇప్పుడు తగ్గిందని అన్నాడు.

లూయిస్, మేరియన్ అప్పటికి రిచ్‌మండ్ వదిలి వాండ్స్‌వర్త్‌లో ఇల్లు తీసుకున్నారు. ఉత్తరం అక్కడికి చేరింది. ఆవిడ కూర్చుని, ఆయనకి చేరవెయ్యమని బ్లాక్‌వుడ్‌కి జవాబు రాసింది. ఆ పాదిరీగారు ఎప్పుడో పోయారనుకున్నానని.